ఓబులేసు వంకర

నక్షత్రమాన కేంద్రంలో పొద్దుటి మీటింగు ఎప్పుడూ ఒకే ప్రశ్నతో మొదలవుతుంది. డైరెక్టరు సదానందమూర్తి కళ్లజోడు తుడుచుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అడుగుతాడు.

"ఓబులేసు వంకర తీసేశారా?"

"తీసేశాం సార్."

ఆ జవాబు చెప్పాల్సింది రెడ్డిరాణి. ఓబులేసు ఆమె మొగుడు.

కొత్తగా చేరినవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఓబులేసు అంటే ఎప్పుడో పోయిన పెద్ద శాస్త్రజ్ఞుడేమో, వంకర ఆయన కనిపెట్టిన సూత్రమేమో అనుకుని గౌరవంగా రాసుకుంటారు. తెలిసినవాళ్లు ఆ క్షణానికి టీ గ్లాసులోకి తల వంచుకుంటారు. ఆరేళ్లుగా ఇదే తంతు. కట్టుకున్నవాడి పేరును రోజూ పదిమందిలో కడిగి పారబోసి, ఆ తర్వాత పనిలోకి దిగాలి. మొదట్లో రెడ్డిరాణి ఆ మాట నేల చూస్తూ చెప్పేది. పోను పోను హాజరు పలికినట్టు చెప్పేయడం అలవాటైపోయింది.

భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో తిరుగుతున్న దుర్భిణి పేరు ధ్రువదృష్టి. చుక్కల అందం చూపించడం దాని పని కాదు. ఏ చుక్క ఎక్కడుంది, ఎటు కదులుతోంది అని కొలవడమే పని. దానికి రెండు అద్దాలు. రెండూ చెరో దిక్కు చూస్తాయి. రెండింటినీ ఒకే పింగాణీ చట్రానికి అతికించారు. దుర్భిణి గానుగెద్దులా నిదానంగా తన చుట్టూ తాను తిరుగుతూ, ఈ అద్దంలో పడిన చుక్కకూ ఆ అద్దంలో పడిన చుక్కకూ మధ్య ఎడం కొలుస్తుంది. ఆ కొలత ఎంత సన్నమంటే, మదనపల్లెలో నిలబడి ఢిల్లీలో ఉన్న మనిషి తలవెంట్రుక ఎంత లావో చెప్పినట్టు. అద్దం అతుకు పిసరంత జారిందంటే అద్దం జారినట్టు తెలియదు. ఆకాశంలో చుక్కలే జారినట్టు కనిపిస్తాయి.

ఆ అతుకు వేసింది ఓబులేసు.

జిగురు కలపడం నుంచి అద్దం కాళ్లు చట్రానికి ఆనించడం దాకా అంతా అతని చేతిమీద నడిచింది. దుర్భిణి పైకి పోయిన రెండో ఏడు, వృశ్చికం తోక దగ్గర చుక్కలన్నీ ఒక ముద్దగా రవ్వంత పక్కకు ఒత్తుకుపోయినట్టు కనిపించడం మొదలైంది. కమిటీ వేశారు. సదానందమూర్తే అధ్యక్షుడు. ఆ వైపుకు అద్దం తిరిగినప్పుడల్లా చట్రానికి ఎండ ఒకే మూల నుంచి తగులుతోందని, ఎండకు ఎడమ అద్దం అతుకు మెత్తబడి జారుతోందని తేల్చారు. "జారలేదు సార్, జారే జిగురు కాదది," అని ఓబులేసు కమిటీ ముందర ఎన్ని తీర్లుగానో చెప్పుకున్నాడు. చుక్కలు జారుతున్నాయి గదా మరి, అన్నారు. ఉద్యోగం నుంచి పంపించేశారు.

ఆ తర్వాత దుర్భిణిలోని కంప్యూటరుకు ఒక లెక్క నేర్పారు. చుక్కలు ఎంత జరిగినట్టు కనిపిస్తే అంత వెనక్కి నెట్టి, సరిచేసిన కొలతను మాత్రం కిందికి పంపాలి. అంత దూరం నుంచి పంపే దారి ఇరుకు గనక అసలు కొలతను అక్కడికక్కడే చెరిపేయాలి. ఆ లెక్క రాసింది రెడ్డిరాణే. మొగుడి మీద నమ్మకం లేక కాదు. అతుకు జారలేదని చూపించడానికి ఆమె చేతిలో ఏమీ లేకపోయింది. చుక్కలు జరిగినట్టు కనిపించడం మాత్రం కళ్లెదుట ఉన్న నిజం. ఆ లెక్కకు ఎవడో తమాషాకు ఓబులేసు వంకర అని పేరు పెట్టాడు. తమాషా కాస్తా రిపోర్టుల్లోకి ఎక్కింది.

ఓబులేసు ఇప్పుడు ఊళ్లో అక్క చెంగమ్మ దగ్గర పట్టుపురుగులు పెంచుతున్నాడు. రెడ్డిరాణి రోజూ స్కూటీ మీద కేంద్రానికి పోయి వస్తుంది. పురుగు పొర విడిచే ముందు మేత మాని మొద్దుగా పడుంటుంది. దాన్ని ఇక్కడి రైతులు జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగును కదిలించకూడదు, షెడ్డులో వేడి మారకూడదు. అద్దాలకు కాపలా కాసిన మనిషికి అదేమంత కష్టం కాలేదు. అతని షెడ్డులో పంట పోయిన దాఖలా లేదు. అయినా పట్టుగూళ్లు అమ్మడానికి మార్కెట్టుకు పోతే ఎవరో ఒకరు అననే అంటారు.

"ఏం ఓబులేసన్నా, ఈ తూరి గూళ్లన్నా సరింగా అతుక్కున్నాయా, ఇవీ జారినాయా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఓబులేసు కూడా నవ్వుతాడు. ఒకసారి రెడ్డిరాణి పక్కనే ఉండి ఆ మాట వింది.

"నవ్వుతావెందుకు మామా? నోటికి సమాధానం రాదా?"

"నవ్వకుంటే ఇంకో నాలుగు మాటలు అంటారుమే. నవ్వితే ఒకదాంతో పోతాది."

ఈ తంతు మొదలైన ఆరో ఏడు వానాకాలం ముందర సూర్యుడి మీద పెద్ద తుఫాను రేగింది. నిప్పుగాలి తగిలి పరికరాలు మాడిపోకుండా దుర్భిణి వాలు మార్చి పెట్టారు. పైకి పోయినప్పటి నుంచీ నీడలో ఉన్న పక్కకు ఎండ తగిలింది, ఎండలో మాడుతున్న పక్క నీడకు పోయింది. ఎడమ అద్దం అతుకు ఇప్పుడు నీడలో ఉంది. ఎండ లేకపోతే మెత్తబడడం లేదు, జారడం లేదు. కమిటీ చెప్పింది నిజమైతే వంకర ఆ వారంలో మాయం కావాలి.

రెడ్డిరాణితో పనిచేసే నస్రీన్ ఆ పొద్దు మీటింగుకు ముందే ఆమెను వరండాలోకి లాక్కుపోయింది.

"అక్కా, వంకర తగ్గలేదు."

"కొంచెం ఆగు. చట్రం చల్లబడడానికి టైము పడతాది."

"చల్లబడి ఎప్పుడో అయిందక్కా. రవ్వంత కూడా తగ్గలేదు. అట్లనే ఉండాది. చట్రం మీద ఎండ పడినా, నీడ పడినా దానికి పట్టలేదు."

రెడ్డిరాణి వెనక్కి తిరిగింది. సీటుకు పోయి కూర్చుంది. అసలు కొలతలు పోయాయి, నిజమే. కానీ కంప్యూటరు ఏ రోజు ఎంత నెట్టిందో ఆ నెట్టుడు లెక్కలు మిగిలే ఉన్నాయి. వాటిని ఇన్నేళ్లూ ఎవరూ తిరగేసి చూడలేదు. తప్పును ఎవడు దాచుకుని చూసుకుంటాడు? ఆమె ఆ నెట్టుళ్లన్నీ ఆకాశం పటం మీద పెట్టింది. ఒక్కో ఏటి వంకర ఎక్కడ కేంద్రమై ఉందో ఒక్కో చుక్క పెట్టింది. ఆరు చుక్కలు. ఆరూ ఒకే గీత మీద, తేలు తోక వైపు నిదానంగా నడుస్తూ పోతున్నాయి.

అతుకు జారితే ఆ జారుడు అద్దంతో పాటు తిరగాలి. ఇది అద్దాన్ని పట్టించుకోకుండా ఆకాశంలో తన దారిన తాను పోతోంది.

"అక్కా, అక్కడ ఏదో ఉండాది," అంది నస్రీన్ మెల్లగా. "వెలుతురు లేనిది. బరువైనది. దాని బరువుకు వెనకాల చుక్కల వెలుతురు వంగి మనకు చేరతా ఉండాది. అందుకే చుక్కలు పక్కకు జరిగినట్టు కనపడతా ఉండాయి."

రెడ్డిరాణి ఆ గీతను చూస్తూనే ఉంది. చచ్చి ఆరిపోయిన ఒక పెద్ద చుక్క. మనకు ఇంత దగ్గరలో అట్లాంటిది ఎవరూ చూడలేదు. ప్రపంచంలో ఇన్ని కేంద్రాలున్నా దాన్ని మొదట పట్టుకుంది ధ్రువదృష్టి. పట్టుకున్న రోజు నుంచీ రోజూ తుడిచేస్తూ వచ్చింది. తుడవడం నేర్పింది తను. ఓబులేసు మీద వేసిన నిందే ఆ చుక్క నడిచిన దారి.

ఆమెకు ఏడుపు రావాల్సింది. రాలేదు. చెవులు వేడెక్కాయి. లేచి తిన్నగా డైరెక్టరు గదికి పోయింది.

సదానందమూర్తి మొదట విననన్నాడు. "పాత గొడవ మళ్లీ తవ్వొద్దమ్మా. నీ బాధ నాకు తెలుసు. కానీ ఇది ఇంటి వ్యవహారం కాదు," అన్నాడు. ఆమె పటం తీసి బల్లమీద పరిచింది. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. అప్పటిదాకా ఆమెను కూర్చోమనని మనిషి లేచి తనే కుర్చీ జరిపాడు.

"ఇది ఎవరెవరికి తెలుసు?"

"నాకు, నస్రీన్‌కు."

"ఇంకెవరికీ చెప్పొద్దు. ఆ తుడిచే లెక్క ఇవాళే ఆపేయండి."

ఆపేశారు. ఆరేళ్ల తర్వాత దుర్భిణి మళ్లీ తను చూసింది చూసినట్టు పంపింది. కొన్ని వారాల కొలతలు వచ్చేసరికి ఎవరికీ అనుమానం మిగల్లేదు. చీకటిచుక్క ఉంది. దాని బరువు తెలిసింది, నడక తెలిసింది. శ్రావణమాసంలో అది తేలు తోకలో ఉన్న ఒక మసక చుక్కకు అడ్డంగా రాబోతోంది. సరిగ్గా ముందు నుంచి పోతే దాని బరువు భూతద్దంలా పనిచేసి, ఆ మసక చుక్క కొద్ది రోజులపాటు మామూలు కంటికే వెలిగిపోతుంది. కొంచెం పక్క నుంచి పోతే ఏమీ కాదు.

ప్రపంచంలోని దుర్భిణులన్నింటికీ ఆ దారి లెక్క పంపాలి. అది పంపే ముందర సదానందమూర్తి రెడ్డిరాణిని పిలిచాడు. ఈసారి టీ కూడా తెప్పించాడు.

"ఒక చిన్న సర్దుబాటు ఉందమ్మా. కమిటీ చెప్పింది మొత్తం తప్పని మనమే రాసుకుంటే రేపు మన మాట ఎవరు వింటారు? ఆరేళ్లు కళ్లు మూసుకున్నారంటారు. చీకటిచుక్క ఉంది, కాదనను. అతుకు కూడా కాస్త జారి ఉంటుంది. రెండూ ఉన్నాయి. పది పాళ్లలో ఎనిమిది పాళ్లు చుక్కకు వెయ్యి. రెండు పాళ్లు అతుక్కు వెయ్యి."

రెడ్డిరాణి టీ గ్లాసు కింద పెట్టింది.

"ఆ రెండు పాళ్లు ఎక్కడి నుంచి తెచ్చినారు సార్?"

"కొలతలో ఎప్పుడూ కొంత అనుమానం ఉంటుంది గదా."

"ఉంటాది. ఆ అనుమానం రెండు పాళ్లంత లేదు. నేనూ లెక్కేసినా, నస్రీనూ లెక్కేసింది. అతుకు జారింది సున్నా."

"అంత మొండిగా ఉంటే ఎలా? ఓబులేసును మళ్లీ పిలుస్తాం. వచ్చే దుర్భిణికి అద్దాలు అతనే అతికిస్తాడు. నేను మాటిస్తున్నాను. నలుగురికీ మర్యాద మిగులుతుంది."

"సార్, గట్టు తగాదాలో పెద్దమనుషులు చెరికాస్త పంచినట్టు ఆకాశాన్ని పంచమంటారా? ఆ చుక్కకు మీ మర్యాదతో పనేంది?"

"నేను నీ మంచికే చెబుతున్నాను," అన్నాడాయన. గొంతులో తేనె పోయింది. "ఇంటికి పోయి మీ ఆయన్ని అడిగి చెప్పు."

స్కూటీ మీద ఇంటికి పోతుంటే దారంతా ఆమె దవడలు నొప్పి పుట్టేలా బిగుసుకుపోయాయి. తప్పు చేసినవాడు తప్పులో నుంచి కూడా మర్యాద మిగుల్చుకుని పోవాలి. చేయనివాడు మాత్రం రెండు పాళ్లు మోయాలి. మోసినందుకు ఉద్యోగం బహుమానం. ఇంతకంటే ఆ కమిటీ రిపోర్టే నయం, అది కనీసం మొత్తం తప్పు.

షెడ్డులో చెంగమ్మ మల్బరీ ఆకు తరుగుతోంది. ఓబులేసు తట్టలు సర్దుతున్నాడు. రెడ్డిరాణి జరిగింది చెప్పింది. చీకటిచుక్క మాట చెప్పగానే ఓబులేసు చేతులు ఆగిపోయాయి. రెండు పాళ్ల మాట చెప్పగానే మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

చెంగమ్మే ముందు నోరు తెరిచింది.

"రెండు పాళ్లే గదమే? వేసెయ్ రాణీ. పది పాళ్లూ మోసినోడు రెండు పాళ్లు మోయలేడా? మళ్లా పిలుస్తామంటా ఉండారు గదా. ఆ మార్కెట్టు నాయాళ్ల నోర్లు మూతబడతాయి."

"మోయాల్సిన పనేముంది వదినా? చెయ్యని తప్పు ఒక పాలైతేనేమి, పదైతేనేమి?"

"నీకేంమే, చదువుకున్నదానివి, నీతి మాట్లాడతావు. వాడు అన్నం తినేటప్పుడు నువ్వు చూస్తా ఉండావా? నేను చూస్తా ఉండా. రాయి నమిలినట్టు తింటాడు."

రెడ్డిరాణి మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు మామా."

ఓబులేసు ఒక పురుగును ఆకు మీదికి జరిపాడు. "వేసెయ్ మే," అన్నాడు.

"ఏంది?"

"వేసెయ్ అంటా ఉండా. రెండు పాళ్లు జారిందేమో. ఎవురికి తెలుసు?"

"నాకు తెలుసు! లెక్క వేసిన నాకు తెలుసు. జారలేదు."

"నాకు తెలీదు రాణీ." అతను తట్ట కింద పెట్టి చేతులు చూసుకున్నాడు. "మొదట్లో తెలుసు. కమిటీ ముందర నిలబడినప్పుడు గుండె మీద చెయ్యేసి చెప్పినా. తర్వాత తర్వాత... పొద్దస్తమానం అందరూ జారింది, జారింది అంటా ఉంటే, ఆ రోజు జిగురు కలిపేటప్పుడు గది తలుపు ఎవురన్నా తెరిచినారేమో, చెమట చుక్క ఏదన్నా పడిందేమో అని మొదలైంది. రెండేండ్లుగా నేనే జారిందనుకుంటా ఉండా. నీకు చెప్పలేదు. మళ్లా పిలిచి అద్దం ముందర కూర్చోమంటే కూడా నా చెయ్యి ఆడదు."

చెంగమ్మ కత్తి పక్కన పెట్టేసింది. షెడ్డు నిండా ఆకు మీద పురుగులు మేసే చప్పుడు. చిన్న వాన పడుతున్నట్టుండే ఆ చప్పుడును రెడ్డిరాణి అంతసేపు విన్నది అదే మొదటిసారి.

ఇన్నాళ్లూ ఆమె అనుకున్నది వేరు. మొగుడి పేరు పోయింది, ఉద్యోగం పోయింది, అంతే పోయిందనుకుంది. మనిషి దగ్గర నుంచి అతని చేతి మీద అతనికున్న నమ్మకాన్ని కూడా లాక్కుపోయారు. అట్లాంటిది పోతే ఫిర్యాదు ఇవ్వడానికి ఏ ఆఫీసూ లేదు. దాన్ని తిరిగి తెచ్చే దారి ఒక్కటే. ఎవరో దయతలిచి చెప్పడం కాదు, ఆకాశమే చెప్పాలి.

"విను మామా," అంది. "రెండు పాళ్లు నీ అతుక్కు వేస్తే చీకటిచుక్క బరువు తగ్గుతాది. బరువు తగ్గితే దారి వెంట్రుకవాసి పక్కకు జరుగుతాది. అప్పుడది తేలు తోకలో చుక్క ముందర నుంచి పోదు, పక్క నుంచి పోతాది. సున్నా వేస్తే ముందర నుంచే పోతాది, ఆ చుక్క వెలుగుతాది. రెండిట్లో ఒకటే నిజం. నేను సున్నా వేసి పంపిస్తా. వెలగకపోతే, నీ అతుకు జారిందని నేనే ఊరంతా తిరిగి చెప్తా."

"నీ ఉద్యోగం పోతాదే!" అంది చెంగమ్మ.

"పోతే పోనీ వదినా. ఆకు కొయ్యడం నేర్పించు."

మరుసటి రోజు మీటింగులో సదానందమూర్తి పాత ప్రశ్న అడగలేదు. కొత్తది అడిగాడు.

"రెండు పాళ్లు వేశారా?"

"వెయ్యలేదు సార్."

గదిలో టీ గ్లాసులోకి తల వంచుకునేవాళ్లు కూడా ఈసారి తలెత్తారు.

"వెయ్యలేదు, వెయ్యను. నేనూ నస్రీనూ మా పేర్లతో పంపించేసినాం. అతుక్కు సున్నా. అన్ని దేశాలకూ చేరిపోయింది."

"ఎవరిని అడిగి పంపారు?"

"మీరు రెండు పాళ్లు ఎవరిని అడిగి వెయ్యమన్నారు సార్?" అంది నస్రీన్. ఆ పిల్ల గొంతు అంత పైకి లేవడం అక్కడెవరూ ఎరగరు. "ఎవురి జోలికీ రాని ఓబులేసన్నను మీటింగులో రోజూ తిట్టుకుంటా వచ్చినాం. మీరు అడిగితే తీసేశాం, తీసేశాం అన్నాం. తీసేసింది మన కండ్లు సార్."

సదానందమూర్తి మొహం కందగడ్డలా అయింది. మధ్యాహ్నానికి కేంద్రం ముద్రతో ఇంకో లెక్క బయటికి పోయింది. అందులో పాళ్లు ఎనిమిదీ రెండూ. ఆ లెక్క ప్రకారం శ్రావణంలో తేలు తోక చుక్కకు ఏమీ కాదు. ఇద్దరాడవాళ్లు తొందరపడి పంపినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని కింద ఒక వాక్యం కూడా ఉంది. సాయంత్రానికి ఇద్దరినీ సెలవు మీద పొమ్మన్నారు. ఎన్నాళ్లో చెప్పలేదు.

శ్రావణం వచ్చింది, ముసురు పట్టుకుంది. వారంగా ఆకాశం మూసుకుపోయి ఉంది. రెడ్డిరాణి ఆకు కోసింది, తట్టలు మోసింది, తడిసిన కొంగు పిండుకుంటూ పదిసార్లు పైకి చూసింది. పురుగులు నాలుగో జ్వరంలో పడ్డాయి. ఓబులేసు షెడ్డు దాటి బయటికి రావడం లేదు. వేడి చూసుకోవాలంటాడు. పైకి చూడాల్సి వస్తుందని అతని భయం. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు, ఎవరూ అనలేదు.

ఒక సాయంత్రం పొద్దు గుంకే వేళకు గాలి మళ్లింది. దక్షిణం వైపు మబ్బు చీలింది. రోడ్డు మీదే స్కూటీ వదిలేసి నస్రీన్ బురదలో పడుతూ లేస్తూ, అరుస్తూ వచ్చింది.

"అక్కా! చూసినావా? చిలీ దుర్భిణి వాళ్లు మెసేజు పెట్టినారు! పైకి చూడక్కా!"

రెడ్డిరాణి వాకిట్లోకి ఉరికింది. చెంగమ్మ వెనకాలే వచ్చింది. తేలు తోక ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మామూలుగా కళ్లు చికిలించి వెతుక్కుంటే గానీ దొరకని చోట, పక్క చుక్కలన్నింటినీ మించి ఒకటి ధగధగమంటోంది.

"అదేనామే?" అంది చెంగమ్మ. "అదేనా? అంత వెలుగుతా ఉండాదే!"

రెడ్డిరాణి వెనక్కి పరుగెత్తింది. షెడ్డులోకి పోయి మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది. అతను రానన్నాడు. ఆమె వదల్లేదు. వాకిట్లో నిలబెట్టి గడ్డం పట్టి తల పైకెత్తింది.

ఓబులేసు చాలాసేపు చూశాడు. ఏడుస్తాడేమోనని చెంగమ్మ దగ్గరికి జరిగింది. ఏడవలేదు. కుడి చెయ్యి మొహం ముందుకు తెచ్చుకుని, ఆ చుక్కనూ చేతినీ మార్చి మార్చి చూశాడు. వేళ్లు ఒక్కొక్కటే ముడిచి తెరిచాడు.

"జారలేదు," అన్నాడు.

"జారలేదు మామా."

"ఆరేండ్లు దాన్ని పట్టుకొనే ఉండాది నా అతుకు. ఎండలో, చలిలో. కదల్లేదు." అతని గొంతు మెల్లమెల్లగా లేచింది. "నేనే వదిలేసినా. అది వదల్లేదు."

చుట్టుపక్కల వాకిళ్లలో జనం బయటికి వచ్చారు. ఎవరో టీవీలో కూడా చెబుతున్నారన్నారు. కేంద్రం ఇంకా మాట్లాడలేదట, మిగతా ప్రపంచమంతా మాట్లాడేస్తోందట. చెంగమ్మ ప్రతివాళ్లకూ చెయ్యి పట్టుకుని చూపిస్తోంది. "అదో, ఆ చుక్క. మా వోడు పట్టుకున్న చుక్క," అంటోంది. నిన్నటిదాకా రెండు పాళ్లకు ఒప్పుకోమన్నది తనే అన్న సంగతి ఆమెకు గుర్తున్నట్టు లేదు.

రెడ్డిరాణి ఫోను మోగింది. సదానందమూర్తి. ఆమె స్పీకరు పెట్టింది.

"అభినందనలమ్మా! అద్భుతం! నేను ముందు నుంచీ అంటూనే ఉన్నాను, మీ ఇద్దరి మీద నాకు నమ్మకముంది. రేపు పొద్దున్నే కేంద్రంలో సభ పెడుతున్నాం. మంత్రిగారు వస్తున్నారు. ఓబులేసుగారిని కూడా తీసుకురా. శాలువా కప్పుదాం. జరిగినవేవో జరిగాయి, ఎవరి పొరపాట్లు వాళ్లకుంటాయి..."

రెడ్డిరాణి నోరు తెరిచేలోపు ఓబులేసు ఫోను అందుకున్నాడు. ఆయనతో మాట్లాడి ఆరేళ్లయింది. గొంతు సవరించుకోవాల్సిన అవసరం కూడా రాలేదు.

"సార్, నేను ఓబులేసును."

"ఆఁ, ఓబులేసుగారూ! ఎలా ఉన్నారు? రేపు..."

"నేను రాను సార్."

"అదేంటి? మీ కోసమే గదా సభ."

"నాకు సభ వద్దు. మీరు సున్నా అని చెప్పాలి. అంతే. పొరపాట్లు ఎవురివి వాళ్లకుంటాయని కాదు. ఓబులేసు వేసిన అతుకు జారలేదు, జారిందని మేమే అబద్ధం చెప్పినాం అని చెప్పాలి."

"సరే సరే. చెబుతున్నాను గదా. ఇదిగో, ఫోన్లో చెబుతున్నాను..."

"ఫోన్లో కాదు సార్. నన్ను అన్నది నలుగురిలో, చెప్పేది కూడా నలుగురిలోనే. మా అక్క వాకిట్లో నిలబడి చెప్పండి. మంత్రిని ఉండనీండి, కమిటీని పిల్చుకొని రండి, ఎంతమంది సంతకం పెట్టినారో అంతమందినీ."

అవతల ఆయన ఏదో సణిగాడు. వానలనీ, పనులనీ.

"అవును సార్, వాన పడింది," అన్నాడు ఓబులేసు. "రోడ్డు కాడి నుంచి మా ఇంటిదాకా మోకాటి లోతు బురద. కారు రాదు. నడిచి రండి."